కాగడా ఆరేలోపు: పాతతరం ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటను కొత్త నియమ పుస్తకంతో ఆడించడం ఎలా

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి, మూడు పలుచని పుస్తకాలున్న పెట్టెగా బయటికి వచ్చింది. ఇందులో ఒకరు రెఫరీగా లోకాన్ని వర్ణిస్తారు, మిగతావారు నిధి కోసం నేలమాళిగలోకి దిగిన పాత్రలుగా ఏం చేస్తారో చెబుతారు, తేలనిచోట పాచికలు వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఆ నియమాలను తరువాతి వాళ్లు ఎన్నోసార్లు తిరగరాశారు. 1981లో టామ్ మోల్డ్‌వే సరళంగా కూర్చిన 64 పేజీల బేసిక్ పుస్తకం, దాని కొనసాగింపుగా డేవిడ్ కుక్, స్టీవ్ మార్ష్ తెచ్చిన ఎక్స్‌పర్ట్ పుస్తకం చాలామందికి ఇప్పటికీ ప్రమాణం. 2000లో మూడో ఎడిషన్ వచ్చాక ఆట తీరే మారిపోయింది. పాత తీరే బాగుందనుకున్నవాళ్లు ఆ నియమాలను తమ మాటల్లో మళ్లీ రాసి అచ్చువేసిన పుస్తకాలనే నేడు రెట్రోక్లోన్లు అనీ, ఆ ధోరణి మొత్తాన్ని ఓ.ఎస్.ఆర్. (ఓల్డ్ స్కూల్ రినైసాన్స్, అంటే పాతతరం ఆట పునరుజ్జీవనం) అనీ పిలుస్తున్నారు. అటువంటి ఒక పుస్తకం తీసుకుని, ఈ ఆట ఎన్నడూ ఎరుగని ముగ్గురు నలుగురు స్నేహితులను కూర్చోబెట్టి, మొదటి ఆట నడపాలనుకునే వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

పుస్తకం ఎంచుకోవడం

ముందుగా ఈ పుస్తకాలు ఎలా సాధ్యమయ్యాయో తెలుసుకుంటే ఎంపిక తేలికవుతుంది. మూడో ఎడిషన్‌తో పాటు, దాన్ని ప్రచురించిన విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ, తన నియమాలను ఇతరులూ వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్‌ను విడుదల చేసింది. అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం ఆట పద్ధతి మీద హక్కు ఉండదు, దాన్ని వివరించిన వాక్యాల మీదే ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చూసినవాళ్లకు, పాత ఆటను కొత్త మాటల్లో చెప్పవచ్చునన్న సంగతి తట్టింది. 2006లో ఓస్రిక్, 2007లో ల్యాబిరింత్ లార్డ్, 2008లో స్వోర్డ్స్ అండ్ విజర్డ్రీ ఆ దారినే వచ్చాయి. 2019లో గావిన్ నార్మన్ తెచ్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ 1981 నాటి నియమాలను దాదాపు మార్చకుండా, వెతికితే దొరికేటట్లుగా అమర్చింది. ఒక విషయం చాలావరకు ఎదురెదురు రెండు పేజీలలోనే ముగుస్తుంది. నలుగురూ మీ ముఖం చూస్తూ కూర్చున్నప్పుడు ఆ అమరిక విలువ తెలుస్తుంది.

మొదటిసారి ఆడించేవారికి నేను చెప్పేది ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ లేదా క్రిస్ గానర్‌మన్ రూపొందించిన బేసిక్ ఫాంటసీ. మొదటిదానిలో ప్రారంభ నియమాల పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. రెండోదైతే పుస్తకం మొత్తం ఉచితమే. బేసిక్ ఫాంటసీ 2023 నాటి నాలుగో ఎడిషన్ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంది గనుక, ఎవరైనా దానిని తెలుగులోకి అనువదించి, అదే లైసెన్స్‌తో నలుగురికీ పంచవచ్చు. యోకై గాల్ రాసిన కెయిర్న్‌కూ అదే వెసులుబాటు ఉంది. అయితే కెయిర్న్‌లో యోధుడు, మంత్రగాడు వంటి తరగతులు లేవు, దెబ్బ తగిలిందా లేదా అని చూసే పాచికా లేదు. అది పాత ఆట స్ఫూర్తితో పుట్టిన వేరే ఆట, రెట్రోక్లోన్ కాదు. కెల్సీ డియాన్ 2023లో తెచ్చిన షాడోడార్క్ కూడా అంతే. అందులో కాగడా నిజంగానే గోడ గడియారం ప్రకారం ఒక గంట వెలుగుతుంది. ఆ చిన్న నియమం నాకెంతో ఇష్టం, కారణం ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఒక పుస్తకం తీసుకున్నాక, ఆరు ఆటలు పూర్తయ్యేవరకు రెండోది తెరవకండి. ఈ పుస్తకాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, రెండు చదివితే ఏ నియమం దేనిలోదో గుర్తుండదు. కింది లెక్కలన్నీ ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ నుంచి, అంటే 1981 నియమాల నుంచి ఇస్తున్నాను. ఇతర పుస్తకాలలో అంకెలు కొద్దిగా మారతాయి.

సామగ్రి

నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలున్న ఒక సెట్టు, విడిగా మరో నాలుగైదు ఆరుముఖాల పాచికలు, గళ్ల కాగితం, పెన్సిళ్లు చాలు. ఇరవై ముఖాల పాచికను మొదటిసారి చూసినవాళ్లు కాసేపు దానితోనే ఆడుకుంటారు, ఆడుకోనివ్వండి. మన పాత పాచికలు పొడుగ్గా, నాలుగే ముఖాలతో ఉండేవి కదా, ఇవీ వాటి చుట్టాలేనని చెబితే ఇంట్లో పెద్దవాళ్లు కూడా వచ్చి కూర్చునే అవకాశం ఉంది. బొమ్మలూ, రంగురంగుల పటాలూ కొనకండి. వర్ణన విని ఊహించుకోవడం ఈ ఆటలో సగం, ఎదురుగా బొమ్మలుంటే చూపు వాటి మీదికే పోతుంది.

పాత్రలను పుట్టించడం

మూడు ఆరుముఖాల పాచికలు కలిపి వేసి, వచ్చిన మొత్తాన్ని బలం, తెలివి, వివేకం, చురుకుదనం, దేహదారుఢ్యం, ఆకర్షణ అన్న ఆరు గుణాలకు పుస్తకంలో ఉన్న వరుసలోనే రాయించండి. నచ్చిన చోట నచ్చిన అంకె వేసుకోనివ్వకండి. తెలివి పదహారు, బలం ఏడు వచ్చినవాడు మంత్రగాడు కావాలని అంకెలే చెబుతాయి, ఆలోచనతో పని ఉండదు. పావుగంటలో పాత్ర తయారవుతుంది. ఆ తొందర వెనుక ఒక కారణం ఉంది: ఈ ఆటలో పాత్రలు చచ్చిపోతాయి. యోధుడికి ఎనిమిది ముఖాల పాచిక, మంత్రగాడికీ దొంగకూ నాలుగు ముఖాల పాచిక వేసి హిట్ పాయింట్లు, అంటే పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదన్నది, నిర్ణయిస్తారు, సున్నాకు చేరితే మరణమే. రెండు హిట్ పాయింట్ల మంత్రగాడి కోసం ఆటగాడు పది పేజీల పూర్వకథ రాసుకుని వస్తే ఆ రాత్రి మీకే కష్టం. పేరు, ఊరు, ఒక అలవాటు చాలునని ముందే చెప్పండి. ఒక్కొక్కరి చేత రెండేసి పాత్రలు తయారుచేయించి, రెండోదానిని పక్కన పెట్టించండి.

తరువాత మూడు ఆరుముఖాల పాచికల మొత్తాన్ని పదితో హెచ్చించగా వచ్చినన్ని బంగారు నాణేలిచ్చి బజారుకు పంపండి. కత్తి పది నాణేలు, ప్లేట్ కవచం అరవై, ఆరు కాగడాలు ఒక నాణెం, యాభై అడుగుల తాడు ఒకటి, పది అడుగుల కర్ర ఒకటి. కొత్తవాళ్లు డబ్బంతా కత్తికీ కవచానికీ పోసి తాడు మరిచిపోతారు. మీరు గుర్తుచేయకండి. నేను మొదటిసారి ఆడించినప్పుడు నలుగురికీ కలిపి రెండే కాగడాలున్నాయి. మూడో గదిలో రెండోది కూడా ఆరిపోయింది. ఆ తరువాత వాళ్లు తాడు లేకుండా, కాగడాలు లేకుండా ఎప్పుడూ బయలుదేరలేదు, సరుకుల చిట్టా నాకంటే శ్రద్ధగా రాసుకున్నారు.

నేలమాళిగను గీయడం

పది నుంచి పన్నెండు గదులు చాలు. గళ్ల కాగితం మీద ఒక గడి పది అడుగులు అనుకోండి. గదులలో మూడో వంతు రాక్షస జీవులకు, మూడో వంతు ఖాళీగా, మిగిలిన దానిలో సగం ఉచ్చులకు, సగం వింతలకు వదలండి. ఈ పాళ్లు 1981 పుస్తకంలోని పట్టికవే. ఖాళీ గదులు వృథా అనిపిస్తుంది గాని, వాటిని తీసేయకండి. ప్రతి తలుపు వెనుకా ఏదో ఒకటి ఉంటే ఆటగాళ్లు తలుపు దగ్గర చెవి పెట్టి వినడం మానేస్తారు, ఎలాగూ ఉంటుందని తెలిసిపోతుంది కనుక. లోపలికి కనీసం రెండు దారులు ఉంచండి, గదుల మధ్య చుట్టుతిరిగి వచ్చే బాట ఒకటైనా ఉంచండి. ఒకే వరుసలో ఉన్న గదులలో ఆటగాళ్లకు నడవడం తప్ప నిర్ణయించుకునేది ఏమీ ఉండదు.

నిధి ఎంత పెట్టాలన్నది లెక్కతో తేల్చండి. ఈ ఆటలో ఊరికి చేర్చిన ఒక బంగారు నాణెం విలువ ఒక అనుభవ పాయింటు. యోధుడు రెండో స్థాయికి చేరడానికి 2000, మంత్రగాడికి 2500, పూజారికి 1500, దొంగకు 1200 కావాలి. నలుగురున్న జట్టు తలా రెండు వేలు పంచుకోవాలంటే మొదటి అంతస్తులో ఎనిమిది వేల విలువైన సొత్తు ఉండాలి. ఇక చంపితే వచ్చేదెంతో చూడండి: గోబ్లిన్ అనే పొట్టి రాక్షస జీవి ఒకదానికి 5 పాయింట్లు. ఏడు గోబ్లిన్లను చంపి నలుగురు పంచుకుంటే తలా తొమ్మిది కూడా రావు. అదే ఆ గోబ్లిన్ల కాపలాలో ఉన్న 400 నాణేల వెండి దీపపు సెమ్మెను వాటికి తెలియకుండా ఎత్తుకొస్తే తలా వంద. ఈ తేడాను మొదటి ఆట మొదలయ్యేముందే ఆటగాళ్లకు విప్పి చెప్పండి. ఎందుకంటే కంప్యూటర్ ఆటల అలవాటుతో వచ్చినవాళ్లు కనబడిన ప్రతిదాని మీదికీ కత్తి దూస్తారు, మొదటి గదిలోనే అయిపోతారు.

సొత్తులో కొంత మోయడానికి ఇబ్బందిగా ఉండాలి. పది నాణేలు ఒక పౌను బరువు. మోసే బరువు 400 నాణేలు దాటితే నడక వేగం పది నిమిషాలకు 120 అడుగుల నుంచి 90కి, 600 దాటితే 60కి, 800 దాటితే 30కి పడిపోతుంది. పది వెండి నాణేలు ఒక బంగారు నాణేనికి సమానం గాని బరువు దేనికదే, కాబట్టి వెండితో నిండిన పెట్టె ఒక నిధి మాత్రమే కాదు, ఒక చిక్కుముడి కూడా.

టర్న్ లెక్క

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతామంటే ఇది చదవండి. కొత్తగా ఆడించేవారిలో చాలామంది ఈ లెక్కను గుమాస్తా పనిగా భావించి వదిలేస్తారు. తరువాత ఆట చప్పగా ఉందంటారు. నేనూ మొదట్లో అదే చేశాను. పాత నియమాలలో పోరాటం నిజానికి చిన్న భాగం, ఆటను ముందుకు తోసేది కాలం.

నేలమాళిగలో కాలాన్ని పది నిమిషాల టర్న్‌లుగా కొలుస్తారు. ఒక టర్న్‌లో జట్టు 120 అడుగులు జాగ్రత్తగా నడవవచ్చు, లేదా పది అడుగుల మేర గోడను రహస్య ద్వారం కోసం వెతకవచ్చు, లేదా ఒక తాళంతో కుస్తీ పట్టవచ్చు. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది, లాంతరులో ఒక కుప్పె నూనె ఇరవై నాలుగు టర్న్‌లు. ఆరింటిలో ఒక టర్న్ విశ్రాంతి తీసుకోవాలి, తీసుకోకపోతే దెబ్బ తగిలిందా అని చూసే పాచికలోనూ, గాయం ఎంతో చెప్పే పాచికలోనూ ఒకటి తగ్గుతుంది. రెండు టర్న్‌లకు ఒకసారి మీరు ఆరుముఖాల పాచిక వేయాలి, ఒకటి పడితే తిరుగాడే జీవి ఏదో ఎదురవుతుంది.

కాగితం మీద ఆరేసి గడుల వరుసలు గీసుకోండి. టర్న్ గడిచినప్పుడల్లా ఒక గడిలో అడ్డగీత. రెండో, నాలుగో, ఆరో గడుల మూలల్లో ముందే చిన్న చుక్క పెట్టుకుంటే పాచిక వేయడం మరిచిపోరు. ఆరో గడి నిండగానే పైకి చదవండి: "కాగడా ఆరిపోయింది. ఇంకొకటి ఎవరు వెలిగిస్తున్నారు, ఏ చేత్తో పట్టుకుంటున్నారు?" ఆ ప్రశ్న ముఖ్యం. కాగడా పట్టిన చేతిలో డాలు ఉండదు. పాచికను అందరికీ కనబడేటట్లు వేయండి, తెర చాటున వేయకండి. మూడో ఆటకల్లా మీరు పాచిక చేతిలోకి తీసుకోగానే మాటలు ఆగిపోతాయి. గోడ వెతకడానికి మరో పది నిమిషాలు ఖర్చు చేద్దామా వద్దా అని ఆటగాళ్లు గుసగుసగా వాదించుకోవడం మొదలైతే, మీ పని మీరు సరిగా చేస్తున్నట్లే.

వర్ణించడం, వినడం, తీర్పు చెప్పడం

పాత నియమాలలో గమనించే నైపుణ్యం, ఒప్పించే నైపుణ్యం అంటూ పాచిక వేసి తేల్చుకునేవి లేవు. ఆటగాడు ఏం చేస్తున్నాడో చెబుతాడు, మీరు దానికి తగిన ఫలితం చెబుతారు. కాబట్టి వర్ణనలో పట్టు దొరికే వివరాలు ఉండాలి. ఇక్కడ తెలుగు మనకు కలిసి వస్తుంది. నిలువెత్తు గొయ్యి, జానెడు సందు, మూరెడు మందం తలుపు, బారెడు దూరం అంటే కొలతా బొమ్మా ఒకేసారి మనసుకు అందుతాయి. అంకెల మాటలను మాత్రం ఆంగ్లంలోనే ఉంచండి. హిట్ పాయింట్లు, సేవ్ (ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి వేసే పాచిక), మొరాల్ (ఎదుటి జీవుల ధైర్యం) వంటివాటికి తెలుగు సేత చేయబోతే ప్రతిసారీ ఆగి అర్థం చెప్పుకోవలసి వస్తుంది.

ఒక ఆటలో జరిగింది చెబుతాను. నడవ మధ్యలో ఉచ్చు ఉంది, రాతి పలక కింద గొయ్యి. దొంగ పాత్ర వేసిన అమ్మాయికి ఉచ్చు కనిపెట్టే అవకాశం మొదటి స్థాయిలో నూటికి పదే. తను పాచిక అడగలేదు.

"నీళ్ల తిత్తి విప్పి నేల మీద పోస్తున్నాను. నీళ్లు ఎటు పోతున్నాయి?"

"కొంత దూరం పారి, ఒక గీత వెంట ఇంకిపోతున్నాయి. గీత చతురస్రంగా ఉంది."

"అయితే ఆ గీత తొక్కకుండా గోడ వారగా వెళ్తాం. ముందు కర్రతో తట్టి చూడరా."

ఇక్కడ పాచికతో పనే లేదు, ఉచ్చు దొరికింది. నూటికి పది అన్నది, వేరే ఉపాయం ఏదీ తోచనప్పుడు దొంగకు మిగిలే చివరి అవకాశం. దాన్ని ముందుకు తెచ్చి ఆలోచనకు అడ్డం పెట్టకండి. అలాగే ప్రమాదాన్ని దాచకండి. గోడ మీద మసి, నేల మీద ఎముకలు, గాలిలో పుల్లటి వాసన ముందుగా చెబితేనే తరువాత వచ్చే చావు న్యాయంగా ఉంటుంది.

ఎదురుపడినప్పుడు

జీవి ఎదురైతే వరుసగా మూడు పాచికలు గుర్తుంచుకోండి. మొదటిది ఉలికిపాటు: రెండు పక్షాలకూ ఆరుముఖాల పాచిక, ఒకటి గాని రెండు గాని పడితే ఆ పక్షం సిద్ధంగా లేదు. రెండోది దూరం: రెండు ఆరుముఖాల పాచికల మొత్తాన్ని పదితో హెచ్చించిన అడుగులు. మూడోది చాలామంది మరిచిపోయేది, ఎదుటివారి వైఖరి. రెండు పాచికలు వేస్తే 2 పడితే దాడి, 3 నుంచి 5 వరకు శత్రుభావం, 6 నుంచి 8 వరకు ఎటూ తేల్చుకోని స్థితి, 9 నుంచి 11 వరకు ఉదాసీనత, 12 పడితే స్నేహం. ఎక్కువసార్లు మధ్య అంకెలే పడతాయి. అంటే ఎదురైన గోబ్లిన్లు చాలాసార్లు ఆగి చూస్తాయి. ఆ ఆగిన క్షణంలో ఎండు రొట్టె ఇవ్వజూపినా, పక్క గదిలోని ఓర్కుల మీద చాడీలు చెప్పినా కథ అక్కడి నుంచి వేరే దారి పడుతుంది.

కొట్లాట తప్పకపోతే త్వరగా ముగించండి. ప్రతి రౌండులో ఒక్కో పక్షానికి ఒక ఆరుముఖాల పాచిక, ఎక్కువ పడినవారిది ముందు వంతు. వంతులో నడక, బాణాలు, మంత్రాలు, చేతి ఆయుధాలు, ఈ వరుసలో. మంత్రం వేయదలచినవారు వంతు తేలకముందే చెప్పాలి, ఆ లోపల దెబ్బ తగిలితే మంత్రం వృథా. మొదటి స్థాయి మంత్రగాడికి రోజుకు ఒకే మంత్రం. అది నిద్రమంత్రమైతే, రెండు ఎనిమిది ముఖాల పాచికల మొత్తానికి సరిపడా చిన్న జీవులు సేవ్ కూడా లేకుండా పడిపోతాయి. కనుక ఆ ఒక్క మంత్రాన్ని ఎప్పుడు వాడాలన్నదే అతని ఆట.

మొరాల్ పరీక్షను ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. ఎదుటి పక్షంలో మొదటి చావు పడినప్పుడు ఒకసారి, సగం మంది కూలినప్పుడు మరోసారి రెండు పాచికలు వేయండి. మొత్తం ఆ జీవి మొరాల్ అంకెను దాటితే అవి పారిపోతాయి లేదా లొంగిపోతాయి. నాయకుడు దగ్గర లేని కోబోల్డ్‌ల మొరాల్ 6 మాత్రమే. చివరి ప్రాణి వరకు పోరాడే కోబోల్డ్‌లు నియమాల ప్రకారం అరుదు, ఎక్కువసార్లు అవి నియమాలు మరిచిన రెఫరీ సృష్టి.

పాత్ర చనిపోతే సానుభూతిగా ఒక మాట చెప్పి, పక్కన పెట్టించిన రెండో కాగితం తీయించండి. పాచికను దొంగచాటుగా మార్చి బతికించకండి. ఒకసారి బతికిస్తే ఆ తరువాత కాగడా లెక్కకూ, నీళ్లు పోసి చూసిన తెలివికీ విలువ ఉండదు. అయితే నియమం మీరు తప్పుగా చదివినందువల్ల చనిపోతే, ఆ తప్పు ఒప్పుకుని వెనక్కి తీసుకోండి.

ఊరికి తిరిగి వచ్చాక

ఆట ముగిసే వేళకు జట్టు నేలమాళిగ నుంచి బయటపడి ఉండాలన్న నియమం పెట్టుకుంటే మేలు. తరువాతి వారం నలుగురిలో ఇద్దరే వచ్చినా, కొత్తవాళ్లు ఇద్దరు చేరినా ఇబ్బంది ఉండదు. తెచ్చిన సొత్తును ఊరిలో లెక్కగట్టి, అనుభవ పాయింట్లు అప్పటికప్పుడే పంచండి. డబ్బు చేతిలో పడగానే కూలికి మనుషులు దొరుకుతారని చెప్పండి. కాగడా పట్టేవాడు ఒకడున్నా యోధుడికి డాలు తిరిగి దొరుకుతుంది. ఎంతమంది అనుచరులు దొరుకుతారన్నది ఆకర్షణ గుణం బట్టి ఉంటుంది. అంతవరకు పనికిరాదనుకున్న ఆ అంకె వైపు అప్పుడు అందరూ చూస్తారు.

వాళ్లు వెళ్లిపోయాక పటం ముందు పావుగంట కూర్చోండి. బతికి పారిపోయిన గోబ్లిన్లు ఇప్పుడు ఏం చేస్తాయి? తలుపుకు అడ్డు పెడతాయా, ఓర్కులను సాయం అడుగుతాయా, సెమ్మె ఎత్తుకుపోయిన దారిలో గొయ్యి తవ్వుతాయా? ఖాళీ అయిన ఒక్కో గదికీ ఆరుముఖాల పాచిక వేసి, ఒకటి పడితే కొత్త అద్దెదారును దింపండి. మార్పులు పెన్సిల్‌తోనే గుర్తించండి, వచ్చే వారం మళ్లీ చెరపవలసి వస్తుంది.